గట్టు తెగకమునుపే
(శతవత్సరోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు కట్టిన దేవాలయములను, బడులను, ఆసుపత్రులను గూర్చి ఈ ఉత్సవములలో పలువురు మాట్లాడియున్నారు. ఇంటింటికి వెళ్ళి రోగులను పరామర్శించు మాకు వేరొక విషయము అప్పగించినారు. తల తెరువకుండ, రక్తనాళముల త్రోవనే మెదడులోనికి వెళ్ళి చికిత్సచేయు వైద్యులు ఈనాడు ఉన్నారు. వారిని ఇంటర్వెన్షనల్ న్యూరో రేడియాలజిస్టులు అందురు. పేరు పొడుగే గాని పని తెలిసికొనుట కష్టము కాదు. మేము వైద్యులము కాము. ఒక తప్పు చేసి, ఆ తప్పు వలన ఈ సంగతులు నేర్చుకొన్నవారము. కాబట్టి ఆ తప్పునే ముందు చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రితము దివిసీమలో ఒక ఇంట రాత్రి ప్రార్థన ముగిసినది. ఆ ఇంటి పెద్దాయన చేతిలోని గ్లాసు జారి పడినది. మూతి ఒక ప్రక్కకు పోయినది. మాట ముద్దగా వచ్చినది. అందరము అక్కడనే ఉంటిమి. “అలసట, కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది లెండి” అంటిమి. ఒకరు కాఫీ పట్టించగా పొలమారినది. మరొకరు పావురము నెత్తురుతో మర్దన చేయవలెననిరి. తెల్లవారిన తరువాత గాని బండి మాటలాడలేదు. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: “ఇది ఎన్ని గంటలకు మొదలైనది?” ఒక్కొక్కరము ఒక్కొక్క వేళ చెప్పితిమి. ఆయన బ్రతికినారు. కాని మన కూటములలో కంచుకంఠముతో పాడిన ఆ మనిషి మరల పాడలేదు. ప్రేమ లేక కాదు, తెలియక అట్లు చేసితిమి. అయినను నష్టము నష్టమే.

మెదడులోని రక్తనాళములను అర్థము చేసికొనుటకు డెల్టావారమైన మనకు పుస్తకము అక్కరలేదు. బెజవాడ ఆనకట్ట నుండి పెద్దకాలువ, దాని నుండి పిల్లకాలువలు, వాని నుండి బోదెలు పోవుచున్నవి గదా! గుండె నుండి మెదడునకు రక్తము అట్లే పోవును. తూముకు గుఱ్ఱపుడెక్క అడ్డుపడినచో దిగువ చేలు ఎండును. ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడినచో దానిపై ఆధారపడిన మెదడు భాగము చచ్చును. పక్షవాతములలో ఎక్కువ భాగము ఇట్టివే. గట్టు బలహీనపడి గండి పడినట్లు నాళము చిట్లి రక్తము కారుట రెండవ రకము. ధమని గోడ ఒకచోట బుడగవలె ఉబ్బుటను ఎన్యూరిజమ్ అందురు. అది పగిలినచో మున్నెన్నడు ఎరుగని తలనొప్పి పిడుగువలె వచ్చును.

ఈ వైద్యుడు తొడ మొదటనో మణికట్టుననో ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, ఎక్స్‌రే తెరపై చూచుచు, మెడ మీదుగా మెదడు వరకు నడపును. గడ్డను సన్నని జల్లెడవంటి పరికరముతో చిక్కించుకొని వెనుకకు లాగును, లేదా పీల్చివేయును. ఉబ్బిన బుడగయైనచో మెత్తని ప్లాటినము తీగ చుట్టలతో లోపల నింపి, రక్తము అందులోనికి పోకుండ చేయును. గట్టు త్రవ్వకుండ కాలువలోనే దిగి అడ్డు తీసిన లస్కరు పనివంటిది ఇది. అయితే ఇక్కడ కాలువ వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. చేయి కొంచెము తప్పినను ప్రాణాపాయము.

ఈ విద్య ఒక్కనాడు వచ్చినది కాదు. 1927లో లిస్బనులో ఎగాస్ మోనిజ్ మెదడు ధమనులను ఎక్స్‌రేలో కనబడునట్లు చేసెను. 1953లో స్వీడను దేశపు సెల్డింగర్, సూది ద్వారా తీగను, తీగమీదుగా గొట్టమును ధమనిలోనికి పంపు పద్ధతి ప్రకటించెను. మాస్కోలో సెర్బినెంకో విడిచిపెట్టదగిన చిన్న బెలూనులతో నాళములను మూసిన తన అనుభవమును 1974లో లోకమునకు తెలిపెను. 1990లో లాస్ ఏంజెల్స్‌లో ఇటలీ వైద్యుడు గుగ్లియెల్మి ప్లాటినము చుట్టలను రోగులలో వాడుట మొదలుపెట్టెను. గడ్డను లాగివేయుట వలన పెద్ద ధమని మూసికొనిపోయినవారికి నిశ్చయముగా మేలు కలుగునని 2015లో పలు దేశముల పరిశోధనలు తేల్చినవి.

ఎక్స్‌రే విద్యలో మన ప్రాంతమునకును పేరు కలదు. 1925లో మొవ్వ దగ్గరి పెదముత్తేవిలో రైతు బిడ్డగా పుట్టిన కాకర్ల సుబ్బారావుగారు బందరు హిందూ కళాశాలలోను, విశాఖపట్నము ఆంధ్ర వైద్య కళాశాలలోను చదివి, అమెరికాలో రేడియాలజీ నేర్చిరి. ఎముకల చిత్రములను చదువుటలో దిట్టగా ప్రసిద్ధి పొందిరి. నిమ్మకూరువాసి నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు పిలువగా స్వదేశమునకు వచ్చి, హైదరాబాదులోని నిమ్స్‌ను పెద్ద వైద్య సంస్థగా తీర్చిరి. 2000లో పద్మశ్రీ పొందిరి. 2021లో కాలము చేసిరి. ఆయన మెదడు నాళముల చికిత్సకులు కారు. అయినను నీడల చిత్రమును చదివి రోగమును పట్టుట ఒక గొప్ప విద్యయని మన బిడ్డలకు చూపినవారు.

ఈ విద్య కోరు బిడ్డలకు ఓర్పు కావలెను. ఎం.బి.బి.యస్. ఐదున్నర ఏండ్లు, రేడియాలజీలో ఎం.డి. మూడేండ్లు, ఆపై డి.ఎం. మూడేండ్లు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థ, బెంగుళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల ఈ శిక్షణ కలదు. బందరులోనే 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. గుడివాడ పొలముల నుండి, నాగాయలంక రేవు నుండి ఒకడో ఒకతెయో ఆ మెట్లు ఎక్కుట అసాధ్యము కాదు.

అయినను ఎంత నేర్పరియైనను చచ్చిన మెదడును లేపలేడు. పెద్ద ధమని మూసికొన్నప్పుడు నిమిషమునకు సుమారు 19 లక్షల మెదడు కణములు నశించునని ఒక అంచనా. గడ్డను కరిగించు ఇంజక్షను సాధారణముగా నాలుగున్నర గంటలలోపు ఇయ్యవలెను. గడ్డను లాగు చికిత్సకు ఆరు గంటలలోపు ఉత్తమము. స్కానింగులో అనుకూలముగా నున్న కొందరికి 24 గంటల వరకు వీలు కలదని 2018లో తేలినది గాని, అది ఆలస్యము చేయుటకు సాకు కారాదు. ఆ వైద్యుని చేయి చివరిది. మొదటి చేయి ఇంటివారిది, పొరుగువారిది, అనగా మనది.

ఉప్పెనను చూచిన నేల ఇది. 1864లో బందరు, 1977 నవంబరు 19న దివిసీమ ఎంత మందిని పోగొట్టుకొన్నవో వేరుగా చెప్పనక్కరలేదు. రేవులో ప్రమాద సూచిక ఎగిరినదనిన నేడు మనము కదలుచున్నాము. దేహమును అట్లే సూచిక ఎగురవేయును. మూతి వంకర పోవుట, ఒక చేయి లేక కాలు పట్టు తప్పుట, మాట తడబడుట, ఉన్నట్టుండి చూపు పోవుట, ఇవియే ఆ సూచికలు. కొందరికి కొన్ని నిమిషములలో అంతయు సర్దుకొనును. అప్పుడును ఇంట నుండరాదు. అది వచ్చు తుపానుకు ముందు గాలి.

కనుక మూడు మాటలు గుర్తుంచుకొనుడి. ఒకటి, మొదలైన వేళను వ్రాసికొనుడి. నిద్రలో వచ్చినయెడల బాగుగా నున్నట్లు చివరిసారి చూచిన వేళను వ్రాయుడి. రెండు, నోటిలో నీరుగాని మందుగాని పోయకుడి. అడ్డుపడినదో చిట్లినదో స్కానింగు లేక ఎవరును చెప్పలేరు గనుక ఆస్పిరిను కూడ వలదు. మూడు, వెంటనే 108కు ఫోను చేయుడి. పక్షవాతమునకు రాత్రింబగళ్ళు స్కానింగు, చికిత్స చేయు ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఈ వారమే విచారించి గోడమీద వ్రాసి పెట్టుకొనుడి. రక్తపోటును నెలనెల చూపించుకొనుడి. అది కాలువ గట్టును కాపాడుట వంటిది.

ఆ పెద్దాయన చాల కాలము మాట లేకనే మా మధ్య కూర్చుండెడివారు. పాట మొదలైనప్పుడు కుడిచేయి కదలక ఎడమచేతితో తాళము వేసెడివారు. ఆ చేతిని చూచినప్పుడెల్ల, ఆ రాత్రి మేము పోగొట్టిన గంటలు మాకు జ్ఞాపకము వచ్చెడివి. ఇక ఏ ఇంటను ఆ గంటలు పోకుండ చూచుకొందము.