స్పంజికలను కూడా లెక్కలో వేసుకుందాం



రామేశ్వరం వెళ్లొచ్చినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఆ ఒడ్డు వెంట తూత్తుకుడి దాకా 21 చిన్న దీవులున్నాయి. వాటినీ, చుట్టూ ఉన్న సముద్రాన్నీ కలిపి 1986లో జాతీయ పార్కుగా ప్రకటించారు. మన తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుకు నీళ్లు మసకబారి పగడపు దిబ్బలు పెద్దగా పెరగవు. ఆ దీవులున్న మన్నార్ సింధుశాఖలో ఆ బెడద తక్కువ. అందుకే అక్కడ పగడాలు, వాటి సందుల్లో ఎరుపు, పసుపు, నలుపు రంగుల స్పంజికలు.

స్పంజికకు నోరు లేదు, కడుపు లేదు, నరాలు లేవు. అయినా జంతువే. ఒంటినిండా సన్నటి రంధ్రాలు. లోపలి కణాలు తమ తోకలు ఆడిస్తూ నీటిని లాగి, అందులోని బాక్టీరియాను తిని, మిగతా నీటిని పెద్ద రంధ్రంలోంచి వదిలేస్తాయి. కొన్ని రకాలు రోజుకు తమ ఒంటికి వేల రెట్ల నీటిని ఇలా వడకడతాయి. 1907లో విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక స్పంజికను పట్టుబట్టలోంచి పిండితే, విడిపోయిన కణాలు మళ్లీ కూడుకుని స్పంజికయ్యాయి!

అన్నీ సాధువులు కావు. క్లయోనా జాతివి ముత్యపు చిప్పలను తొలుస్తాయి. చిప్ప పైన చూస్తే చిన్న గుండ్రటి బెజ్జాలు. విరిచి చూస్తే లోపలంతా డొల్ల. పగడాన్నీ అలాగే తొలిచి సున్నపు పొడిగా రాల్చేస్తాయి. పాత పగడం అరిగి ఇసుకలో కలిసేది కొంత వీటివల్లే.

కదల్లేని ఈ జీవి శత్రువులను రసాయనాలతో ఎదుర్కొంటుంది. ఆ రసాయనాలే మన మందులకూ దారి చూపాయి. రక్త క్యాన్సర్‌కు వాడే సైటరాబిన్‌కు దారి చూపింది కరీబియన్ సముద్రపు స్పంజిక. రొమ్ము క్యాన్సర్ మందు ఎరిబులిన్‌కు మూలం జపాన్ స్పంజిక. ఒక్కో జాతి రసాయనం ఒక్కో తీరు. జాతి పోతే దాని మందూ పోయినట్టే.

సున్నం కోసం ఏళ్ల తరబడి పగడాలు తవ్వడంతో మన్నార్‌లోని ఆ 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. 2016లో సముద్రం వేడెక్కి ఎన్నో పగడాలు తెల్లబడి చచ్చాయి. దిబ్బ కూలితే స్పంజికలకూ నిలువ నీడ ఉండదు. అందుకే పార్కులో లెక్క తీసేటప్పుడు పగడాలు, చేపలతో ఆగిపోకుండా స్పంజికలనూ జాతుల వారీగా నమోదు చేయాలి.

మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. ఈసారి రామేశ్వరం వెళ్తే, ఎవరైనా పగడపు రాయి అమ్మజూపితే కొనకండి. అది చట్టరీత్యా నేరం కూడా.