ముదిసిన వీరుని కథ



ముగిసినదనుకొన్న కథకు పొడిగింపు చెప్పుట మనకు క్రొత్త గాదు. పట్టాభిషేకముతో రామకథ ముగిసినదని సంతసించినవారికి ఉత్తరకాండమును గూడ వినవలసివచ్చెను. అట్టి ఉత్తరకథ నొకదానిని నేను తెరమీద చూచితిని. దానినిగూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

1981లో అమెరికావారు ఒక సాహసచిత్రమును తీసిరి. అందు నాయకుడు ఇండియానా జోన్సు. ఆయన పురావస్తుశాస్త్రమును బోధించు ఆచార్యుడు. పాఠము ముగిసినంతనే టోపీ ధరించి, కొరడా చేబూని, ప్రాచీనవస్తువులకై దేశదేశములు తిరుగును. పాములనిన మాత్రము ఆయనకు ప్రాణభయము. యౌవనమున నేనా చిత్రమును విశాఖపట్టణమున, జగదంబ కూడలి చెంత, మిత్రులతో గూడి చూచితిని. రేవు కూలీలును విద్యార్థులును ఒక్క వరుసను కూర్చుండి ఈలలు వేసిరి. పాఠము చెప్పువాడు సైతము వీరుడు కావచ్చునని నాకానాడు తోచెను. నేను బడిపంతులనగుటకు అదియు నొక కారణమేమో!

1984, 1989, 2008 సంవత్సరములందు తరువాతి కథలు వచ్చినవి. 1984 నాటి చిత్రము మన దేశీయులు కోతిమెదడు భుజింతురని చూపి నన్ను నొప్పించెను. అయినను ఆ వీరుని విడువలేకపోతిని.

2023లో అయిదవ చిత్రము, ‘డయల్ ఆఫ్ డెస్టినీ’, వెలువడెను. నాయకపాత్రధారి హారిసన్ ఫోర్డు 1942లో జన్మించినవాడు. అప్పటికి ఎనుబది నిండినవి. మనుమని వెంటబెట్టుకొని జంకుతోనే పోయితిని. మొదట యంత్రవిద్యచే ఆయన ముఖమును పడుచుదానినిగా మార్చి చూపిరి. మనుమడు చప్పట్లు కొట్టెను. నాకు మాత్రము ముఖమొక వయసును, గొంతొక వయసును పలికినట్లుండెను.

పిమ్మట కథ 1969కి వచ్చెను. ఆ దినమే ఆచార్యునకు ఉద్యోగవిరమణము. శిష్యులు పాఠము వినరు. తోడివారు ఒక గడియారమును బహూకరించిరి. కుమారుడు యుద్ధమున మడిసినాడు; భార్య ఎడబాసినది. నాకును విరమణదినమున గోడగడియారమునే ఇచ్చిరి. కన్నులు చెమర్చినవి.

ఇందలి వింతవస్తువునకు మూలము నిజమైనదే. 1901లో గ్రీసుదేశపు ఆంటికితెరా దీవిచెంత సముద్రమున ఒక కంచుయంత్రము దొరకెను. మన పంచాంగకర్తలు గణితముచే తెలిసికొను గ్రహణములను అది పళ్ళచక్రములచే తెలుపును. నేడది ఏథెన్సు ప్రదర్శనశాలయందున్నది. చిత్రకారులు దానిని ఆర్కిమీడిసునకు అంటగట్టి, కాలమున వెనుకకు గొనిపోవు శక్తిని కల్పించిరి. ఆ కల్పన కథకు చెల్లును.

తుదకు వీరుడు గాయపడి, రెండువేల యేండ్లకు పూర్వపు సిరక్యూసు నగరమున బడెను. జీవితమంతయు బోధించిన చరిత్ర కన్నులయెదుట నిలిచినది. “నన్నిచ్చటనే విడువుడు” అని వేడెను. మిత్రుని కుమార్తె హెలెనా ఒప్పుకొనలేదు; ఒక్క గ్రుద్దు గ్రుద్ది, స్మృతి తప్పినవానిని ఇంటికి చేర్చెను. అచ్చటికి భార్య తిరిగివచ్చెను.

వీరుని ముదిమి చూపరాదని కొందరందురు. మన వ్యాసుడు చూపలేదా? మౌసలపర్వమున, ద్వారకనుండి స్త్రీలను తోడ్కొనివచ్చుచు దొంగలచే ముట్టడింపబడిన అర్జునుడు గాండీవమును ఎక్కుపెట్టుటకే ఎంతో శ్రమపడెను, దివ్యాస్త్రములు స్ఫురింపవయ్యెను. అందుచే మనకు అర్జునునియెడ గౌరవము తగ్గలేదు. పడుచు ముఖము తొడిగిన భాగమున ఈ చిత్రము నన్ను మోసగింపజూచెను. ముదిమిని ఒప్పుకొన్న భాగమున నా హృదయమును గెలిచెను.

బయటికి వచ్చుచు మనుమడు, “తాతా, ఆయన అక్కడే ఎందుకు ఉండిపోకూడదు?” అని యడిగెను. “ఇంటికి పోవలెను గదా నాయనా!” అంటిని. మా కాలమే కాలమని మనమును తరచుగా అనుచుందుము. ఆ కాలమును పిల్లలకు కథగా చెప్పుదము. అందు కాపురము మాత్రము పెట్టకుందము. పిల్లలు చేయిపట్టి పిలిచినపుడు లేచి వారివెంట నడుతము.

సెలవు.