పక్క సీటు మిత్రుని మోటార్‌సైకిల్



పెన్షను గురించి, డి.ఏ. బకాయిల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఒక పాత మోటార్‌సైకిల్ గురించి చెబుతాను. అందులో నా తప్పు ఉంది కనుక చెప్పే అర్హత కూడా ఉందనుకుంటున్నాను.

1991లో నేను గుంటూరు జిల్లాలో ఒక మండల రెవెన్యూ కార్యాలయంలో యు.డి.సి.గా ఉన్నాను. ఆ ఏడాది వేసవిలో నా పక్క సీటు మిత్రుడు గుండెపోటుతో పోయారు. ఆయనకొక యెజ్దీ రోడ్‌కింగ్ ఉండేది. మైసూరులో తయారైన బండి. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు అవుతుంది. కొత్తవాళ్ళు తికమకపడేవారు. వాకిట్లో బండి తుప్పు పడుతుంటే చూడలేక ఆయన భార్య, "పరాయివాళ్ళకెందుకు అన్నయ్య గారూ, మీరే తీసుకోండి" అన్నది. ఆరువేలిచ్చి, ఆర్.సి. పుస్తకం జేబులో పెట్టుకొని వచ్చాను.

పేరు మార్పుకు వెళితే ఆర్.టి.ఓ. ఆఫీసు బయట ఒక ఏజెంటు సులువు చెప్పాడు. "ఆయన బతికుండగానే మీకు అమ్మినట్టు పాత తేదీ వేద్దాం సార్. ఆయన సంతకం మీకు తెలిసిందేగా!"

తెలిసిందే. పదకొండేళ్ళు చూసిన సంతకం. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద రెండుసార్లు పెట్టి చూశాను. అచ్చం ఆయనదే వచ్చింది. భయమేసి చింపేశాను. పోనీ ఆ తరువాతైనా సరైన దారిలో వెళ్ళానా అంటే, అదీ లేదు. రేపు, ఎల్లుండి అంటూ ఏడాది పైగా ఆయన పేరు మీదే బండి నడిపాను. ఇన్సూరెన్సు గడువు తీరినా పట్టించుకోలేదు.

1992లో బస్టాండు దగ్గర సైకిలు మీద వస్తున్న కుర్రవాణ్ణి గుద్దాను. వాడి చెయ్యి విరిగింది. ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాను, అయిపోయిందనుకున్నాను. నష్టపరిహారం కేసులో నోటీసు ఆర్.సి.లో ఉన్న పేరుకు వెళ్ళింది. పోస్టుమాన్ గుమ్మం ముందు ఆ పేరు పిలిస్తే, వాళ్ళ చిన్నవాడు "నాన్నకు ఉత్తరం వచ్చింది" అంటూ లోపలికి పరుగెత్తాడట. ఆవిడ ఆ కాగితం నా టేబులు మీద పెట్టి, "దీన్ని ఎవరికివ్వాలి అన్నయ్య గారూ?" అని అడిగింది. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు తల వంగిపోతుంది.

ఇంకొక సంగతి. ఆ కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఫైలు నడిపింది నేనే. భార్య, ఇద్దరు పిల్లలతోపాటు తల్లి పేరు కూడా నా చేతితోనే రాశాను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. బండి కొనేటప్పుడు మాత్రం ఆ పేరు గుర్తుకు రాలేదు!

నిరభ్యంతర పత్రం పట్టుకొని ఆవిడ ఊరు వెళ్ళాను. అరుగు మీద కందులు చెరుగుతున్నది. చదివి వినిపించాను. "సర్కారు అడ్వాన్సు చాలకపోతే నా పాడిగేదెను అమ్మి రెండువేలిచ్చాను నాయనా. బండి అమ్మినట్టు నాకెవరూ చెప్పలేదే" అన్నది. ఆరువేలలో నాలుగో వంతు, పదిహేను వందలు, నా జేబులోంచి ఇచ్చాను. వద్దంటుందేమోనని మనసులో ఒక మూల అనుకున్నాను కూడా. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టించి, కొంగున ముడి వేసుకొని, అప్పుడు వేలిముద్ర వేసింది.

మరణ ధ్రువపత్రంతో 31వ ఫారం పెట్టి ముందు ఆయన భార్య పేరుకు, తరువాత 29, 30 ఫారాలతో నా పేరుకు మార్పించాను. ఆలస్యానికి అపరాధ రుసుము కట్టాను. ఇన్సూరెన్సు లేదు కనుక కుర్రవాడి పరిహారమూ నేనే కట్టాను, సొసైటీలో అప్పు చేసి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన సభ్యులు పోయాక వాళ్ళ స్కూటర్లు ఇలాగే చేతులు మారుతున్నాయి. యజమాని పోయిన 30 రోజుల్లోగా వారసులు రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి, మూడు నెలల్లోగా 31వ ఫారం దాఖలు చేయాలి. కొన్నవారు 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు మార్పుకు రాయాలి. బండి ఎన్ని చేతులు మారినా ఆర్.సి.లో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది. పెన్షను కాగితాల్లో నామినీని రాసిన మనం బండిని మరిచిపోతున్నాం.

ఆ యెజ్దీని 2003 వరకు నడిపాను. కొన్న కుర్రవాడు, "సంతకాలు పెట్టి ఇచ్చేయండి సార్, తరువాత చూసుకుంటాను" అన్నాడు. వాణ్ణి వెంటబెట్టుకొని నేనే ఆర్.టి.ఓ. ఆఫీసుకు వెళ్ళాను. మూడు గంటలు నిలబడ్డాం. వాడు నన్ను తిట్టుకొనే ఉంటాడు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. సెలవు.