పంచాయతి ట్రాక్టరు - నీరు త్రాగు ఇంజను

(వర్ధన్నపేట మండలములోని గ్రామ పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ఒక పలుచని పలకను గూర్చి మాటలాడదలచితిమి. దాని మందము ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కాని అది చెడినచో ఊరిలో చెత్తబండి నిలిచిపోవును, మొక్కలకు నీరందదు, పంచాయతి నిధికి గండి పడును. దానిని మెకానిక్కులు హెడ్ గ్యాస్కెట్ అందురు.

2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి ఆరంభమైన పిమ్మట తెలంగాణలోని 12,700కు పైగా గ్రామ పంచాయతులకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూరినవి. వర్ధన్నపేట పట్టణము పురపాలక సంఘమైనను, చుట్టునున్న పల్లెలలో చెత్త నెత్తుటకును, నర్సరీకి నీరు చేర్చుటకును పంచాయతికి ఈ ట్రాక్టరే ఆధారము. ఎద్దు మేత మానిన పూటనే జబ్బును పసిగట్టు మనము, ఇంజను జబ్బును పసిగట్టలేమా?

ఇటీవల మేము ఒక గ్రామమునకు పోయినపుడు ట్రాక్టరు పంచాయతి కార్యాలయము ముందు ఇరువది దినములుగా నిలిచియుండెను. మొక్కలు వాడిపోయినవి. తప్పంతయు డ్రైవరుపై మోపబడినది. విచారింపగా, అతడు ముందే రెండుమార్లు చెప్పియున్నట్లు తెలిసినది: "సర్పంచ్ సాబ్, పొద్దున పోసిన నీళ్లు మాపటికే తగ్గుతున్నయి." "నీళ్లే గదా, మళ్ల పొయ్యి" అని అతనికి వచ్చిన జవాబు. ఒక మండుటెండలో ఇంజను కాగి దారిలో ఆగిపోయెను. ఎవరో ఆతురతతో బిందెడు చల్లని నీరు ఇంజనుపై కుమ్మరించిరి. హెడ్డు పగిలెను. గ్యాస్కెట్టుతో పోవలసిన ఖర్చు కొత్త హెడ్డు వరకు వచ్చినది. తప్పు చెప్పిన నోటిది కాదు, వినని చెవులది.

ఇంజనులో సిలిండరు బ్లాకుపై హెడ్డు బోల్టులతో బిగింపబడియుండును. ఆ రెంటి నడుమ నున్నదే గ్యాస్కెట్టు. డీజిలు ఇంజను గాలిని దాదాపు పదునారవ వంతునకో పదునెనిమిదవ వంతునకో నొక్కును. ఆ ఒత్తిడిని, నీటిని, నూనెను ఒకదానితో నొకటి కలియనీయక కాపాడుట ఈ పలక పని. మళ్ల నడుమ గట్టు తెగినచో ఒక మడి నీరు మరొక మడికి పారునట్లే, గ్యాస్కెట్టు తెగినచో ఇవి ఒకదానిలో నొకటి చేరును.

గుర్తులు ఇవి: బయట ఎక్కడను కారకయే రేడియేటరులో నీరు తగ్గును. ఇంజను నడచుచుండగా ఆ నీటిలో బుడగలు ఎడతెగక వచ్చును. పొగగొట్టము నుండి తెల్లని ఆవిరి చాలసేపు వెలువడును. నూనె కొలత పుల్లపై నూనె పాలు కలిపిన టీ వలె కనబడును. ఇంజను తరచు వేడెక్కును. అయితే నీరు తగ్గినంతనే గ్యాస్కెట్టు పోయినదని నిశ్చయింపరాదు. గొట్టములు, రేడియేటరు మూత, నీటి పంపు, ఫ్యాను బెల్టు ముందు చూడవలెను. వీని ఖర్చు తక్కువ.

ఇంజను కాగినపుడు బరువు దింపి, ఆపి, చల్లారనీయవలెను. వేడిమీద రేడియేటరు మూత తీయరాదు. ఆవిరి ముఖమును కాల్చును. నూనెలో నీరు కలిసినచో మరల నడపరాదు, బేరింగులు పాడగును. కారుటను ఆపునని అమ్ము పొడులు గ్యాస్కెట్టుకు మందు కావు. అవి రేడియేటరు దారులను పూడ్చగలవు.

మరమ్మతు జరుగుచున్నపుడు ఒక సభ్యుడు దగ్గర నుండుట మంచిది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే హెడ్డు విప్పవలెను. హెడ్డు వంగినదా, పగిలినదా అని సరళపు బద్ద పెట్టి పరీక్షింపవలెను. వంగినచో లేతు షాపులో చదును చేయింపవలెను. పాత గ్యాస్కెట్టును మరల వేయరాదు. బోల్టులను నడుమ నుండి అంచులకు, రెండు మూడు విడతలుగా, ఆ ఇంజను పుస్తకములో చెప్పిన కొలతకు, టార్కు రెంచితో బిగింపవలెను. ఒక మూల ముందే బిగించినచో కొత్త గ్యాస్కెట్టు సైతము నిలువదు. పిమ్మట నూనె, ఫిల్టరు మార్చవలెను.

ఇక మన విధి. ప్రతి ఉదయము నీరు, నూనె, బెల్టు చూచి డ్రైవరు పుస్తకమున వ్రాయవలెను. కార్యదర్శి వారమునకొకమారు దానిని చదువవలెను. బోరునీటి ఉప్పు లోపల పెచ్చుకట్టును గనుక, పుస్తకములో చెప్పిన కూలెంటునే పోయవలెను. రేడియేటరు జాలిలో చేరిన పొట్టును దులుపవలెను. వారంటీ మిగిలియున్నదేమో చూడక బయట విప్పింపరాదు. మరమ్మతుకు ముందు అంచనాను వ్రాతపూర్వకముగా తీసికొని, పిమ్మట పాత సామానును తిరిగి తెచ్చుకొనవలెను.

ఆకేరు వాగు ఒడ్డున నీరు తోడు ఆయిలింజనుకైనను, సముద్రతీరమున జాలరి పడవను నడపు మోటారుకైనను, నీటితో చల్లబడునది యైనచో ఈ ధర్మమే వర్తించును. యంత్రము ముందుగా చిన్న గొంతుతో చెప్పును. దానిని మొదట వినువాడు డ్రైవరు. అతని మాటను మనము విన్ననాడు ఊరి ట్రాక్టరు ఊరికి చాలకాలము సేవ చేయును.