తుప్పు మచ్చ: దాచొద్దు, తీసేద్దాం



పాత కారు మీద కనపడే తుప్పు మచ్చల్ని ఇంటి దగ్గరే ఎట్లా బాగుచేసుకోవాలో చెప్పమని పెద్దలు నన్ను అడిగారు. నలుగురు కలిసి పాత కారు కొనుక్కుని పనికి పోయేవాళ్లు, మజరాలో వానెట్ నడిపేవాళ్లు, ఇంటి డ్రైవర్లు మనలో చాలామంది ఉన్నారు. మచ్చ రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు చేసే పని ఒక పూటది. అది చిల్లు పడితే వెల్డింగు, పెయింటింగు, గ్యారేజీ కూలి అని ఇంటికి పంపాల్సిన డబ్బు ఖర్చయిపోతుంది.

మన కడప, రాజంపేట పల్లెల్లో ఎండ ఎక్కువైనా గాలిలో ఉప్పు లేదు. ఇక్కడ అట్లా కాదు. సముద్రపు తేమ వస్తుంది, దుమ్ములో ఉప్పు ఉంటుంది, వఫ్రా మజరాల్లో బోరు నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి. ఆ నీళ్లతో బండి కడిగితే దుమ్ము పోతుంది, ఉప్పు మిగులుతుంది. కడగాలంటే తాగే నీళ్లు రెండు బకెట్లు చాలు. సముద్రం వైపు పోయొచ్చిన రోజైతే చక్రాల పైనుండే వంపులు తప్పకుండా కడగండి.

తుప్పు ఎట్లా పెరుగుతుందో బిల్డింగు పని చేసేవాళ్లకు తెలుసు. కాంక్రీటు లోపలి రాడ్డుకు తుప్పు పడితే అది ఇనుముకన్నా రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే స్లాబు పెచ్చులూడుతుంది. పెచ్చు మీద సిమెంటు పూస్తే ఆరు నెలలకు మళ్లీ రాలుతుంది. కారు పెయింటు కింద లేచే బుడగ కూడా అంతే. పైన రంగు కొడితే మచ్చ కనపడదు, తుప్పు మాత్రం లోపల తింటూనే ఉంటుంది.

ముందు ఏది మన పనో, ఏది కాదో తేల్చుకోండి. స్క్రూడ్రైవర్ మొనతో మచ్చను గట్టిగా నొక్కండి. రేకు గట్టిగా ఉంటే మనం చేసుకోవచ్చు. మొన లోపలికి దిగితే అది వెల్డరు పని. ఛాసిస్, తలుపు కింద పట్టీ, సీటు బెల్టు బిగించిన చోటు, సస్పెన్షన్ పట్టుకునే చోటు, వీటిలో చిల్లు పడితే పుట్టీతో పూడ్చొద్దు. యాక్సిడెంట్ అయినప్పుడు మనల్ని కాపాడేవి ఆ భాగాలే.

ఇప్పుడు పని చూద్దాం. చుట్టూ టేపు, కాగితం అంటించండి. 80 నంబరు సాండ్ పేపర్‌తో తుప్పు పోయి మెరిసే రేకు కనపడేదాకా రుద్దండి. మచ్చ దాటి ఇంకో అంగుళం రుద్దండి, పెయింటు కింద తుప్పు పాకి ఉంటుంది. తర్వాత 180, ఆపైన 320 వాడి, పెయింటు అంచు వేలికి తగలనంత నునుపు చేయండి. సన్న గుంతల్లో నల్లగా మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి. తర్వాత థిన్నర్ గుడ్డతో తుడవండి. ఇక ఆ చోటును ఒట్టి చేత్తో ముట్టొద్దు, మన చెమటలోనూ ఉప్పే కదా.

రేకు బయటపడ్డాక ఆ రోజే ప్రైమర్ కొట్టాలి. ఎపాక్సీ ప్రైమర్ మంచిది. పల్చగా రెండుసార్లు కొట్టండి. అది ఆరాక 400 నంబరుతో మెల్లగా రుద్ది, రంగు పల్చగా రెండు మూడుసార్లు, ఆపైన లక్క కొట్టండి. రంగు కోడ్ తలుపు పక్కనో, బానెట్ కిందో ఉన్న ప్లేటు మీద ఉంటుంది. ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది. వ్యాక్స్ మాత్రం నెల తర్వాతే.

ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించొద్దని ఇక్కడ చట్టమే ఉంది. ఆ ఎండలో రేకు కాలిపోతుంటుంది, రంగు పరుచుకోకముందే ఆరిపోతుంది. చలికాలంలో మంచు ఆరాక, గాలి లేని రోజు, నీడలో చేయండి.

ఒక ముఖ్యమైన మాట. థిన్నర్, స్ప్రే డబ్బాలు పడుకునే గదిలో పెట్టొద్దు. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికుల బిల్డింగు కాలి చాలామంది భారతీయులు చనిపోయారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ మంట కరెంటు షార్టు వల్ల అన్నారు, థిన్నర్ వల్ల కాదు. అయినా అంతమంది నిద్రపోయే చోట మండే సరుకు ఒక్క డబ్బా కూడా ఉండకూడదు. బయట పని చేయండి, మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి, దగ్గర్లో సిగరెట్ వద్దు.

ఇంటి డ్రైవర్ తమ్ముళ్లూ, కారు కఫీల్‌ది. మచ్చ కనపడగానే ఫోటో తీసి పంపండి, సరే అన్నాకే చెయ్యి వేయండి. లేకపోతే మంచికి పోయి మాట పడాల్సి వస్తుంది.

పాత కారు కొనేవాళ్లు చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. తలుపుల కింద, చక్రాల చుట్టూ పెట్టి చూడండి. ఇనుప రేకు మీద ఒక చోట అంటుకుని, పక్కనే జారిపోతే అక్కడ పుట్టీ దట్టంగా ఉందని అర్థం.

చివరగా, తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ముతో అవి మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి తలుపు లోపలినుంచే తుప్పు పడుతుంది. నెలకోసారి సన్న తీగతో పొడిచి శుభ్రం చేయండి. కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉంటే ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయిందేమో చూడండి. బాగుచేసిన చోటే మచ్చ మళ్లీ వస్తే రంగు కొనడానికి పోవద్దు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ముందు వెతకండి.

ప్రశ్నలుంటే అడగండి.