మగరాయుడన్నా మేము మీ తోటి కార్మికులమే

(మహిళా కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతం గురించి, బోనస్ గురించి, పెరిగే పనిభారం గురించి ఈ వేదిక మీద ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు మహిళా విభాగం మాకు కాస్త సమయం ఇచ్చింది. మేమంటే ఎవరం? జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చొక్కా ప్యాంటు వేసుకుని పనికి వచ్చే ఆడవాళ్ళం. ఇంగ్లీషులో మాలాంటి వారిని 'బుచ్' అంటారు. మన తెలుగు ఇళ్ళలో 'మగరాయుడు' అంటారు. చిన్నప్పుడు ముద్దుగా పిలిచిన ఆ పిలుపే పెళ్ళీడు వచ్చేసరికి తిట్టయింది.

ముందుగా ఒక అనుమానం తీర్చాలి. ఆడపిల్లగా పుట్టినా తాము పురుషులమేనని చెప్పుకునేవారు ఉన్నారు. ఆ హక్కును 2014లో సుప్రీంకోర్టు గుర్తించింది. వారి సంగతి వేరు. మేము స్త్రీలమే. ఈ తీరు మాకు సహజం. మాలో చాలామంది మనసిచ్చేది స్త్రీకే. ఇందులో ఎవరికీ చేసిన ద్రోహం లేదు.

రుద్రమదేవి 'రుద్రదేవ మహారాజు' పేరుతో రాజ్యమేలిందని చెప్పుకుని గర్వపడతాం. 1990లో 'కర్తవ్యం'లో విజయశాంతి ప్యాంటు వేసుకుని రౌడీలను తంతే ఈలలు వేశాం. అదే చొక్కా మన వీధి అమ్మాయి ఒంటి మీద కనబడితే పరువు పోయిందంటాం. ఇదేం న్యాయం?

మిల్లు సంగతికే వద్దాం. రింగ్ ఫ్రేం పక్కన వేలాడే పైట, చున్నీ, విడిచిన జడ ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు. నడిచే యంత్రం దగ్గర పనిచేసే వారికి ఒంటికి బిగువుగా ఉండే దుస్తులు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అది శిక్షణ పొందిన మగ కార్మికుల గురించే చెప్పింది. కానీ బెల్టుకు ఆడా మగా తేడా తెలియదు. మా చొక్కా మీద చెయ్యి ఎత్తే ముందు సూపర్‌వైజర్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. తెగిన దారం అతకడానికీ, డాఫింగ్ చేయడానికీ కావలసింది చేతివాటం. జడ పొడుగు కాదు.

తమిళనాడు మిల్లుల్లో 'సుమంగళి' పేరుతో ఏం జరిగిందో ఇక్కడ పెద్దలందరికీ తెలుసు. ఆడపిల్లలను మూడేళ్ళు హాస్టల్లో ఉంచి, తక్కువ కూలికి పని చేయించుకుని, చివర పెళ్ళి ఖర్చుకు ఒక మొత్తం ఇస్తామన్నారు. అంటే ఆడదాని కష్టానికి గమ్యం పెళ్ళే అని యాజమాన్యాలు ముందే రాసిపెట్టాయి. పెళ్ళి వద్దనుకునే మాలాంటి వారికి ఆ లెక్కలో చోటు లేదు. కూలి అనేది చేసిన పనికి రావాలి, కట్టబోయే తాళికి కాదు. ఇది మా ఒక్కరి మాట కాదు, ప్రతి ఆడ కార్మికురాలి మాట.

పని పోతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. 1987లో మధ్యప్రదేశ్‌లో లీల, ఊర్మిళ అనే ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు ఒకరినొకరు పెళ్ళాడారు. సంగతి బయటపడ్డాక ఇద్దరినీ ఉద్యోగంలోంచి తీసేశారు. సర్కారు కొలువుకే ఆ గతి పడితే, కాంట్రాక్టు మీద పనిచేసే మాకు దిక్కెవరు?

ఇంటి దగ్గర ఇంకో పోరు. సంబంధాలు చూస్తారు. కాదంటే గదిలో పెడతారు, భూతవైద్యుడి దగ్గరికో, డాక్టరు దగ్గరికో తీసుకుపోతారు. ఇది జబ్బు కాదు. మదురై నుంచి చెన్నైకి పారిపోయిన ఇద్దరు యువతుల కేసులో 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఇలాంటివారిని 'మార్చే' వైద్యం చేయకూడదని ఆదేశించింది. విషయం అర్థం చేసుకోవడానికి ఆ న్యాయమూర్తి తానే కౌన్సెలింగుకు వెళ్ళారు. జడ్జిగారు నేర్చుకోగా లేనిది, మన మేస్త్రీలు నేర్చుకోలేరా?

ఇద్దరు వయోజనులు ఇష్టపడి కలిసి బతకడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబరులో ఇవ్వలేదు. ఆ లోటు చేతికి తగిలేది డబ్బు దగ్గరే. పి.ఎఫ్. నామినేషన్‌లో, కుటుంబం ఉన్నవారు కుటుంబ సభ్యుల పేరే రాయాలి. ఇరవై ఏళ్ళు ఒకే కుండలో తిన్న తోడు ఆ 'కుటుంబం' కిందికి రాదు. బ్యాంకులో మాత్రం దారి ఉంది. ఇద్దరూ కలిసి జాయింటు ఖాతా తెరవవచ్చు, తోడును నామినీగా రాయవచ్చు, దీనికి అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మాలాంటి అక్కచెల్లెళ్ళు ఈ పని వెంటనే చేసుకోండి.

ఇప్పుడు యూనియన్‌ను అడిగేది. జాలి అడగడం లేదు. నాలుగు పనులు అడుగుతున్నాం.

ఒకటి: జుట్టు, బట్టలు, పెళ్ళి కారణంగా ఎవరినీ పనిలోంచి తీయరాదని వేతన ఒప్పందంలో రాయించాలి.

రెండు: పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. వెకిలి మాటలు, చేతులు వేయడం దాని కిందికే వస్తాయి. ఫిర్యాదు మూడు నెలల్లోగా రాసి ఇవ్వాలి. ఆ కమిటీ కాగితం మీద కాక పనిచేసేలా చూడాలి.

మూడు: మరుగుదొడ్డి దగ్గర మమ్మల్ని ఆపి ప్రశ్నించే పద్ధతి పోవాలి. హాస్టల్ వార్డెన్‌కు మా బట్టలతో పని లేదు.

నాలుగు: గేటు దగ్గర 'మగరాయుడు' అంటూ నవ్వేవారిలో మన సభ్యులూ ఉన్నారు. ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి.

ఇది జరిగే పనేనా అంటారేమో. దిండిగల్‌లో ఆడవాళ్ళే నడిపే యూనియన్ 2022 ఏప్రిల్‌లో యాజమాన్యంతో, విదేశీ కొనుగోలుదారుతో ఒప్పందం రాయించింది. స్త్రీలపై హింసను అరికట్టాలని, ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధించరాదని అందులో ఉంది. సంఘం గట్టిగా నిలబడితే రాయించవచ్చు.

ఈ రోజు చొక్కా కారణంగా ఒకరిని గేటు బయటికి తోస్తే ఊరుకున్న సంఘం, రేపు కులం కారణంగానో, యూనియన్ చందా కట్టినందుకో తోసేస్తే ఏ ముఖంతో అడ్డుపడుతుంది? సమ్మె రోజున గేటు ముందు మీ పక్కన నిలబడ్డది మేమే. మా రోజున మీరు మా పక్కన నిలబడండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!