హతసాక్షిలో సాక్షి

పట్టభద్రులారా, విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారిని మనం హతసాక్షులంటాం, కతోలికులు వేదసాక్షులంటారు. అరబ్బీలోని షహీద్ అన్న మాటకూ సాక్ష్యమే ధాతువు. మాటలన్నీ సాక్ష్యం వైపు చూస్తుంటే మన చూపు మాత్రం చావు దగ్గరే ఆగిపోతోందని నా వాదన. ఒమన్ పొరుగునే, యెమెన్‌లోని ఏడెన్‌లో జరిగింది చూడండి. 2016 మార్చి 4న అక్కడి మదర్ థెరిసా సిస్టర్ల వృద్ధాశ్రమంలో సాయుధులు చొరబడి 16 మందిని చంపారు. చనిపోయిన నలుగురు సిస్టర్లలో ఇద్దరిది రువాండా, ఒకరిది కెన్యా, ఒకరిది మన జార్ఖండ్. ఆశ్రమంలో పనిచేసే యెమెనీలూ వాళ్ళతోపాటే పోయారు. దీన్ని రెండు మతాల పోరని తేల్చేస్తే ఆ పనివాళ్ళ నెత్తురు ఏ లెక్కలోకీ రాదు. కేరళలోని రామపురానికి చెందిన సలేషియన్ గురువు ఫాదర్ టామ్ ఉళున్నాలిల్‌ను మాత్రం ఎత్తుకుపోయారు.

మూడు వారాలు తిరిగేసరికి, గుడ్ ఫ్రైడే నాడు ఆయన్ను సిలువ వేశారన్న పుకారు లోకమంతా పాకింది. పచ్చి అబద్ధం. అయినా రోజు అంత చక్కగా కుదిరాక నమ్మకుండా ఎవరుంటారు? చిక్కేమిటంటే, పోయాడనుకున్న మనిషి విడుదల కోసం ఎవరూ తలుపు తట్టరు. ఒమన్ రాజధాని మస్కట్ మాత్రం తట్టింది. 2015లో యెమెన్ యుద్ధంలో దిగిన సౌదీ కూటమికి గల్ఫ్ సహకార మండలిలో దూరంగా ఉన్నది ఒమన్ ఒక్కటే. అందుకే దానికి అన్ని పక్షాలతో మాట కలిపే వీలు మిగిలింది. చెరలో 557 రోజులు గడిచాక, 2017 సెప్టెంబర్ 12న, ఫాదర్ టామ్ తెల్లటి గడ్డంతో మస్కట్‌లో దిగారు.

ఇది రాజనీతే గాని కరుణ కాదని మీలో ఒకరు అనవచ్చు. రాజనీతే, తటస్థంగా ఉండటంలో ఒమన్‌కు తన లాభం తనకుంది. కానీ బయటపడ్డ మనిషికి ఆ తేడాతో పనేముంది? డబ్బు చేతులు మారిందేమోనన్న అనుమానమూ వచ్చింది. పైసా చెల్లించలేదని మన ప్రభుత్వం చెప్పింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: బతికి వచ్చినవారిని చనిపోయిన సిస్టర్ల సరసన నిలబెట్టడం న్యాయమా? కాదు, నేను నిలబెట్టడం లేదు. వాళ్ళ స్థానం వాళ్ళదే. అయితే వాళ్ళు చెప్పలేనిది ఆయన చెప్పగలిగారు. రొట్టె, ద్రాక్షరసం లేకపోయినా చెరలో పూజ ప్రార్థనలు మనసులోనే చెప్పుకున్నానన్నారు. బంధించినవాళ్ళు తనను హింసించలేదనీ అదే నోటితో చెప్పారు. సిలువ కథను నమ్మినవాళ్ళకు ఈ రెండో మాట రుచించకపోవచ్చు.